నత్తలు జమ్మెక్కిన రోజు

ముదివంక చెరువులో నత్తలు జమ్ము ఎక్కడం పూలమ్మ చూసింది. చూసి ఊరికే ఉండలేకపోయింది. ఆమె కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

మధ్యాహ్నం మూడు గంటల వేళ. గట్టు పక్కన నీళ్లలో నిలబడ్డ జమ్ముగడ్డి కాడలకు కింది నుంచి పై దాకా నత్తలు, చొక్కాకు గుండీలు కుట్టినట్టు, వరుసగా అతుక్కుని ఉన్నాయి. నీళ్లలో ఉండాల్సిన ప్రాణి నీళ్లు వదిలి గడ్డికాడ పట్టుకుని వేలాడుతోందంటే కింద ఏదో చెడు జరుగుతోందని అర్థం. పూలమ్మకు ఇది ఎవరూ పలక మీద రాసి నేర్పలేదు. యానాది ఇంట పుట్టిన పిల్లకు నడక రాకముందే నీళ్లతో చుట్టరికం కలుస్తుంది. ఆమె తిన్నగా చేపల సొసైటీ ప్రెసిడెంటు జయచంద్ర ఇంటికి పోయింది.

"అప్పా, సెరువులో నత్తలు జమ్మెక్కతాండాయి. నీళ్లకు ఊపిరి అందడం ల్యా. పొద్దున్నకి సేపలన్నీ తేల్తాయి. ఈ పొద్దే వలలేసి పట్టినంత పట్టేసుకుంటే మేలు" అన్నది.

జయచంద్ర ఫోనులో తోతాపురి మామిడికాయల ధర మాట్లాడుతున్నాడు. "సరే సరే, పో" అని చేత్తో ఈగను తోలినట్టు తోలాడు.

తెల్లవారేసరికి చెరువు నిండా బొచ్చెలు, రాగండ్లు తెల్లటి పొట్టలు పైకి పెట్టుకుని తేలాయి. కాకులకు పండగ, ఊరికి కంపు. ఊరంతా గట్టు మీదికి చేరింది. బుద్ధి ఉన్నవాడైతే అప్పుడు పూలమ్మను పిలిచి, నీకు ముందే ఎట్లా తెలిసింది తల్లీ అని అడుగుతాడు. జయచంద్ర కూడా అదే అడిగాడు. కానీ అడిగిన తీరు వేరు.

"నీకు ముందే ఎట్ల తెలిసెనే? తెలిసిందంటే చేసిందీ మీరే గదా. ఏం మందు కలిపినార్రా చెరువులో?"

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. యానాదులు చెరువులో చెయ్యి కడుక్కున్నా మందు కలిపారంటారు. పైన రెండు మైళ్ల దూరంలో, చెరువుకు నీళ్లు తెచ్చే ముదివంక వాగు ఒడ్డునే, మామిడికాయల జ్యూసు ఫ్యాక్టరీ ఉంది. సీజనులో రాత్రీ పగలూ లారీలు. దాని గోడ కింద నుంచి ఒక గొట్టం వంకలోకి దిగి ఉంటుంది. ఆ గొట్టం సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. జయచంద్ర తోటలో కాయలు కూడా ఆ ఫ్యాక్టరీకే పోతాయని అంతకంటే బాగా తెలుసు. అందుకే ఎవరూ ఆ దిక్కుకు తల తిప్పలేదు.

ఆ రోజే పదకొండున్నరకు నీళ్ల పరీక్షల ఆఫీసు నుంచి సిద్ధార్థ అనే కుర్ర ఉద్యోగి మోటారుసైకిల్ మీద వచ్చాడు. తెల్ల ప్లాస్టిక్ క్యాను చెరువులో ముంచి, సగానికి నింపి, మూత తిప్పి, బండి ముందు పెట్టుకుని గతుకుల దారిలో ఎగురుకుంటూ వెళ్లిపోయాడు. పది రోజులకు కాగితం వచ్చింది. నీళ్లలో దోషమేమీ లేదని అందులో ఉంది.

దాంతో జయచంద్రకు లెక్క సులువైపోయింది. నీళ్లు మంచివే. అయినా చేపలు చచ్చాయి. అంటే ఎవరో మందు పెట్టారు. ముందే తెలిసినది పూలమ్మకు. కాబట్టి కాలనీలోని ఆరు యానాది కుటుంబాలనూ సొసైటీ నుంచి తీసేయాలి. వచ్చే గురువారం పదకొండు గంటలకు చెరువు గట్టున తహసీల్దారు ముందు విచారణ. అంతవరకు ఎవరూ నీళ్లలో కాలు పెట్టకూడదు.

ఆ మాట విన్న సాయంత్రం కాలనీలో పొయ్యిలు ఆలస్యంగా వెలిగాయి. చెరువు తప్ప ఆ ఆరిళ్లకు ఇంకో ఆధారం లేదు. కోడలు మునిలక్ష్మి అప్పటికే రెండు గోనెసంచులు దులిపి పెట్టింది.

"అత్తా, పోదాం. కుప్పం పక్క రాళ్ల క్వారీల్లో పని దొరకతాదంట. ఈళ్లతో మనకు యాల?"

పూలమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆమె నాయన కాలంలో కూడా ఇంతే. ఎక్కడ కోడి పోయినా యానాది గుడిసె వెతికేవాళ్లు. మాట పడగానే ఆయన గుడిసె పీకేసి ఇంకో ఊరు చూసుకునేవాడు. అట్లా పీకిన గుడిసెలు ఆమె చిన్నతనంలోనే నాలుగు.

"నీళ్లు సెడితే నత్త గట్టెక్కతాది. నేను నత్తనా ఎక్కేదానికి? ఆ సంచులు లోపల పెట్టు" అన్నది.

* * *

మర్నాడు పూలమ్మ వంకలో పట్టిన ఎండ్రకాయలు బుట్టలో పెట్టుకుని, పుంగనూరులో బస్సు మారి మదనపల్లె చేరింది. మిషన్ కాంపౌండు వెనక వీధిలో దయామణి ఇల్లు. దయామణి మిషన్ ఆసుపత్రి ల్యాబులో ముప్పయినాలుగేళ్లు పనిచేసి రిటైరైంది. రక్తం చుక్క చూసి మనిషి గుట్టు చెప్పేది. జలుబు చేసినప్పుడల్లా ఎండ్రకాయల చారు కావాలని పూలమ్మకు కబురు పెట్టడం ఆమెకు ఇరవై ఏళ్ల అలవాటు. ఈసారి కబురు లేకుండానే పూలమ్మ వచ్చిందంటే ఏదో ఉందని ఆమెకు గడపలోనే అర్థమైంది.

అంతా విని దయామణి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"నత్తలు ఎక్కడం నిజమే పూలమ్మా. నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే ఎక్కతాయి. దాన్ని కొలిచేదానికి పరీక్ష ఉండాది. కాలేజీ ల్యాబులో ఉండే కరుణ నా దగ్గర పని నేర్చుకున్న పిల్లే. మందులు అడిగి తెస్తాను. శనివారం వస్తాండాను."

అన్నట్టే శనివారం పది గంటలకు, గొడుగు వేసుకుని, ఒక టిఫిన్ బుట్ట నిండా గాజు సీసాలతో దిగింది. చెరువు నీళ్లు సీసాలో పట్టి, రెండు మందులు ఒకదాని తర్వాత ఒకటి చుక్కలు వేసింది. సీసాలో టీ రంగు మడ్డి తిరిగింది.

"ఇట్ల గోధుమరంగు వస్తే నీళ్లలో ఊపిరి ఉన్నట్టు. లేకుంటే తెల్లగా, విరిగిన పాల మాదిరి వస్తాది." దయామణి ముఖం చిన్నబోయింది. "ఊపిరి బాగానే ఉండాదే పూలమ్మా."

పూలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. కోపం కలిసిన నవ్వు.

"నువ్వు గూడా ఆఫీసరు టైముకే వచ్చినావు గదా దయమ్మా! పది గంటలకు ఎండ తగిలి, నీళ్లలో పాచి తేరుకోని, సెరువు నవ్వుతా ఉంటాది. ఊపిరాడనిది తెల్లారుజామున. అది గూడా నత్తలు ఎక్కిన మర్నాడు. ఫ్యాక్టరీ మురుగు గుంత నిండినప్పుడు వంకలోకి ఇడుస్తారు, ఆ సాయంత్రానికి నత్తలు ఎక్కతాయి, ఆ తెల్లారికి సేపలు నోరు తెరస్తాయి. ఎక్కని రోజు నువ్వు ఎన్ని సీసాలు ముంచినా ఏముంటాది?"

దయామణికి ముప్పయినాలుగేళ్ల ల్యాబు చదువులో ఎవరూ చెప్పని ముక్క అది. పగలు పాచి ప్రాణవాయువు విడుస్తుందని, రాత్రంతా తిరిగి అదే పీల్చుకుంటుందని ఆమె పుస్తకంలో చదివింది. ఏ రోజు వచ్చి చూడాలో పుస్తకంలో లేదు.

"అయితే నువ్వే చెయ్యాల" అన్నది. "ఎక్కిన రోజు నాకు తెలిసి నేను బస్సెక్కి వచ్చేసరికి పొద్దెక్కతాది." ఆ గంటసేపు గట్టు మీద కూర్చోబెట్టి నేర్పింది. ఏ మందు ముందు, ఏ మందు తర్వాత, ఎన్ని చుక్కలు. రెండో మందు చేతికి తగిలితే కాలుతుందని మూడుసార్లు చెప్పింది. పూలమ్మ ఒక్కసారికే పట్టేసింది. సీసాలు ఆరు ఇచ్చి దయామణి వెళ్లిపోయింది.

* * *

ఆదివారం సాయంత్రం నత్తలు మళ్లీ ఎక్కాయి. ఈసారి పూలమ్మ ఎవరికీ చెప్పలేదు. సోమవారం తూరుపు తెల్లబడుతుండగా గట్టున వంగి చెరువులో సీసా ముంచింది. నీళ్లు వంకరగా నవ్వుతున్నట్టు నురగ కట్టి ఉన్నాయి, కుళ్లిన మామిడి వాసన. మిగిలిన చిన్న చేపలు పైకొచ్చి గుటకలు వేస్తున్నాయి. ఆమెకు లోపల ఒక పట్టుదల పుట్టింది. ఈ మందు చుక్కలు గుడిసెలో కూర్చుని వేసి లాభం లేదు, ఊరు చూస్తుండగా వేయాలి. సీసా పట్టుకుని రోడ్డు మీది రుక్మిణమ్మ టీ అంగడికి నడిచింది. పావుగంట నడక.

అంగడిలో పదిమంది ఉన్నారు. జయచంద్ర బెంచీ మీద కూర్చుని టీ ఊదుకుంటున్నాడు.

"సూడండప్పా అందరూ" అన్నది పూలమ్మ. "ఈ నీళ్లు ఇప్పుడే సెరువులో తెచ్చినా. తెల్లగా మడ్డి దిగితే ఊపిరి లేని నీళ్లని లెక్క. మందు పెట్టింది మేం కాదని దీంతోనే తేల్తాది."

చుక్కలు వేసింది. బిరడా బిగించి సీసా తిప్పింది.

గోధుమరంగు. శనివారం చూసిన టీ రంగే. చిక్కగా, అంగడిలో అందరికీ కనబడేటట్టు.

ముందు నవ్వింది జయచంద్రే. "రుక్మిణమ్మా, ఇంకో టీ వచ్చింది చూడు" అన్నాడు. అంగడి మొత్తం నవ్వింది. "ఏమే పూలమ్మా, నీ పరీక్షే చెప్పింది గదా నీళ్లు మంచివని. గురువారం దాకా యాల? ఇప్పుడే సర్దుకోండి."

పూలమ్మకు సిగ్గుతో ముఖం మండింది. అంతకంటే ఎక్కువగా భయం వేసింది. తన కళ్లు తప్పా, నత్తలు తప్పా, నాయన చెప్పినవన్నీ తప్పా? యాభై ఏళ్లు నమ్మిన నీళ్లు పదిమందిలో తనను అబద్ధాలకోరును చేశాయి. సీసా కొంగులో దాచుకుని ఇల్లు చేరి, ఆ రోజంతా అన్నం ముట్టలేదు. మునిలక్ష్మి గోనెసంచులు మళ్లీ బయటికి తెచ్చింది.

మంగళవారం దయామణి వచ్చింది. ఫోనులో సంగతి విని, మొదటి బస్సుకే. ఆమె ఓదార్చలేదు. అది ఆమె పద్ధతి కాదు.

"సీసా ఎట్ల నింపినావో ఒకసారి చేసి చూపించు."

పూలమ్మ కుండలోని నీళ్లలో సీసా ముంచింది. పైన నాలుగు వేళ్ల జాగా వదిలి బిరడా పెట్టింది. పట్టుకుని లేచి, చెయ్యి ముందుకీ వెనక్కీ ఊపుతూ గుడిసె ముందు నాలుగడుగులు నడిచింది. ఊపడం కోసం ఊపలేదు. చెయ్యి దానంతటదే ఊగింది.

"ఆ జాగా యాల వదిలినావు?"

"వదలకుంటే ఎట్ల?" పూలమ్మకు ఆ ప్రశ్నే వింతగా ఉంది. "మా నాయన కావడి కుండల్లో సేపపిల్లల్ని ఏసుకోని పుంగనూరు నించి కుప్పం సెరువుల దాకా నడిసి పోతాండె. రెండు పగళ్లు నడక. కుండకు నాలుగు వేళ్లు ఎడం ఇడసల్ల, అడుగడుక్కీ కుండ ఊగల్ల. కుండ నిలబడిందంటే పిల్లలు సస్తాయి. నీళ్లు కదిలితేనే గదా వాటికి ఊపిరి. ఏడేళ్ల వయసు నించి నేను గూడా మోసినా."

దయామణి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. తర్వాత పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"తప్పు నాది పూలమ్మా. సీసా నిండా, బుడగ కూడా లేకుండా నింపాలని నీకు చెప్పలేదు. నాకది అలవాటైపోయిన పని, చెప్పాలని తోచలేదు. నువ్వు ఊపుకుంటా తెచ్చినావు. చస్తా ఉన్న నీళ్లకు దారిపొడుగునా ఊపిరి పోసినావు. అంగడికి వచ్చేసరికి అవి బతికినాయి."

పూలమ్మ నవ్వలేదు. నిలబడిపోయి ఏదో ఆలోచించింది. కళ్లు చిన్నవయ్యాయి.

"దయమ్మా, ఆ బండి సారు క్యాను సగమే నింపినాడు."

"ఏ సారు?"

"ఆఫీసు సారు. సగం క్యాను. బండి ముందర పెట్టుకోని, ఈ గుంతల దారిలో ఎగరేసుకుంటా పోయినాడు. నేను పావుగంట ఊపితేనే నీళ్లు మంచివైపోతే, ఆయప్ప పుంగనూరు దాకా ఊపినాడు గదా!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దయామణి ఆలోచన పూలమ్మ తప్పును దిద్దడం దగ్గరే ఆగిపోయింది. పూలమ్మ ఆ తప్పును పట్టుకునే ప్రభుత్వ కాగితం దాకా పోయింది. "మునీ, ఆ సంచులు లోపల పెట్టు!" అని పూలమ్మ కేక వేసింది.

* * *

బుధవారం మధ్యాహ్నం నత్తలు ఎక్కాయి. ఎప్పటికంటే ఎక్కువ. పూలమ్మ ఒక జమ్ముకాడ నత్తలతో సహా కోసి, తడిగుడ్డలో చుట్టి, పుంగనూరు బస్సెక్కింది. తాలూకాఫీసు మూసే వేళైంది. అటెండరు వాకిట్లోనే ఆపాడు. రేపు రమ్మన్నాడు. రేపు పదకొండుకు మా ఊళ్లోనే విచారణ పెట్టుకుని నన్ను రేపు రమ్మంటావేమప్పా అని ఆమె గట్టిగా అరిచేసరికి, తహసీల్దారు సుమలతే బయటికొచ్చింది. నలభై దాటిన మనిషి, సంచి భుజాన వేసుకుని ఇంటికి బయల్దేరబోతోంది.

పూలమ్మ తడిగుడ్డ విప్పి నత్తలున్న కాడను వరండా బల్ల మీద పెట్టింది.

"అమ్మా, ఇవి ఈ పొద్దు ఎక్కినాయి. రేపు తెల్లారుజామున సెరువుకు ఊపిరి ఆడదు. రేపటి విచారణ పదకొండుకు వద్దు. ఐదున్నరకు పెట్టండి. ఆ బండి సారును గూడా రమ్మనండి, ఆయన క్యాను తెచ్చుకోమనండి."

"ఐదున్నరకు ఆఫీసు ఎక్కడుంటుందమ్మా?"

"ఆఫీసు ఉండదు, సెరువు ఉంటాది. మీ ఇంట్లో మనిషికి తెల్లారుజామున ఆయాసం వస్తే, డాక్టరు పదకొండుకొచ్చి సూసి బాగుండాడని రాసి పోతే ఒప్పుకుంటారా?"

సుమలత సంచి దించింది. ఆమె తల్లికి ఉబ్బసం. తెల్లవారుజామున మూడు గంటల నుంచి ఆ ఇంట్లో ఎవరూ పడుకోరు, పగలు చూస్తే ఆ ముసలమ్మకు ఏ జబ్బూ లేనట్టే ఉంటుంది. ఈ సంగతి పూలమ్మకు తెలియదు. సుమలత నత్తల వైపు, పూలమ్మ వైపు మార్చి మార్చి చూసింది.

"వస్తాను" అన్నది. "కానీ రేపు తేలకపోతే ఆ కాగితం మీద సంతకం పెట్టేస్తాను. తర్వాత నన్ను అనకూడదు."

"తేలకపోతే నేనే ఏలిముద్ర ఏస్తా" అన్నది పూలమ్మ.

* * *

గురువారం ఐదున్నరకు గట్టు మీద ఊరు సగం ఉంది. రాత్రే వచ్చి కాలనీలో పడుకున్న దయామణి టిఫిన్ బుట్టతో సిద్ధంగా ఉంది. జయచంద్ర ఆవలిస్తూ వచ్చాడు. సిద్ధార్థ నిద్రముఖంతో బండి దిగాడు. తహసీల్దారు జీపు అందరికంటే చివర వచ్చింది, కానీ వచ్చింది.

సిద్ధార్థ క్యాను ముంచాడు. అలవాటుగా సగానికి నింపాడు.

పూలమ్మ చీర ఎగదోపుకుని తొడల లోతు నీళ్లలోకి దిగింది. ఇన్ని రోజులుగా కాలు పెట్టొద్దన్న నీళ్లు. జయచంద్ర ఏదో అనబోయాడు, తహసీల్దారు చెయ్యెత్తింది. పూలమ్మ సీసాను మోచేతి లోతున ముంచి, మెల్లగా పక్కకు వంచి, లోపలి గాలంతా గుడగుడ బయటికి పోయేదాకా ఆగి, నీళ్లలోనే బిరడా బిగించింది. పైకి తీసి తలకిందులు చేసి చూసింది. బుడగ లేదు. అడుగు కదలకుండా, అక్కడే, దయామణి అందించిన మందుల చుక్కలు వేసింది.

సీసా తెల్లబడింది. పాలు విరిగినట్టు, తెల్లటి మడ్డి మెల్లగా కిందికి దిగింది.

"ఏం మందులో ఏమో, ఎవరికి తెలుసు" అన్నాడు జయచంద్ర. "మొన్న టీ రంగు, ఈ పొద్దు పాల రంగు. ఈయమ్మ మదనపల్లె నుంచి గారడీ తెచ్చుకునింది మేడమ్."

"గారడీ ఇంకా అయిపోలేదు ప్రెసిడెంటప్పా, ఉండు" అన్నది పూలమ్మ. సిద్ధార్థ వైపు తిరిగింది. "సారూ, నీ క్యాను బండి ముందర పెట్టుకో. తూము దాకా పోయి రా. రోజూ ఎట్ల పోతావో అట్లనే పో."

సిద్ధార్థ తహసీల్దారును చూశాడు. ఆమె తల ఊపింది. బండి గతుకుల గట్టు మీద ఎగురుకుంటూ పోయింది, ఎగురుకుంటూ వచ్చింది. క్యానులో నీళ్లు గలగలమన్నాయి. ఆ నీళ్లనే దయామణి ఇంకో సీసాలోకి వంపింది. అవే మందులు, అన్నే చుక్కలు. ఈసారి వేసింది తహసీల్దారు.

గోధుమరంగు తిరిగింది.

రెండు సీసాలు జీపు బానెట్ మీద పక్కపక్కన పెట్టారు. ఒకే చెరువు, ఒకే వేళ, ఒకే మందు. ఒకటి తెలుపు, ఒకటి టీ.

"ఈ టీ రంగుదే సారూ మీ రిపోర్టు" అన్నది పూలమ్మ. "సచ్చిపోయే నీళ్లను బండి మీద బతికించి, బతికే ఉండాదని కాగితం రాసినారు. ఆ కాగితంతో మా ఆరిళ్లను దొంగలు చేసినారు. మా నాయన సేపపిల్లల్ని బతికించేదానికి కుండ ఊపినాడు. మీరు యాల ఊపినారు?"

సిద్ధార్థ తల వంచుకున్నాడు. మంచి పిల్లవాడే, అబద్ధం చెప్పలేకపోయాడు. "సీసా నిండుగా నింపి, అక్కడికక్కడే మందు వేయాలని పుస్తకంలో ఉంది మేడమ్. మాకు ఆ సీసాలు ఇవ్వలేదు, క్యాన్లే ఇచ్చారు. పదకొండుకే వెళ్లమన్నారు" అన్నాడు.

తహసీల్దారు సుమలత ఫైలులోంచి ఆరు కుటుంబాల పేర్లున్న కాగితం తీసింది. నిలువుగా గీత కొట్టి, కింద సంతకం చేసి, మళ్లీ ఫైలులో పెట్టింది.

జయచంద్ర గొంతు సవరించుకున్నాడు. గాలి ఎటు వీస్తే అటు తిరగడం అతనికి కొత్త కాదు. "సరేలే పూలమ్మా. ఏదో పొరపాటు అయిపాయ. మీరు చెరువులో దిగండి, మేమేమీ అనం."

అక్కడితో ఆగి ఉంటే అందరికీ బాగుండేది. పూలమ్మ ఆగలేదు. ఆమె ఇంకా నీళ్లలోనే నిలబడి ఉంది.

"నువ్వు దిగమంటే దిగేదానికి, ఎక్కమంటే ఎక్కేదానికి నేను నత్తను కాదప్పా. దిగేదానికి ముందు ఈ కంపు యాడ నించి వస్తాండాదో సూడల్ల. దయమ్మా, ఇంకెన్ని సీసాలు ఉండాయి?"

"నాలుగు."

"సాలు. రాండి అందరూ."

వంక వెంబడి నడిచారు. ముందు పూలమ్మ, వెనక టిఫిన్ బుట్టతో దయామణి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని తహసీల్దారు, ఆ వెనక ఊరు. మొదటి మలుపులో సీసా ముంచారు, తెలుపు. రెండో మలుపులో తెలుపు. ఫ్యాక్టరీ గొట్టం కింద ముంచితే తెల్లటి మడ్డి అంతకంటే చిక్కగా దిగింది. గొట్టం దాటి, గోడకు పైవైపు యాభై అడుగులు నడిచి చివరి సీసా ముంచారు. అందులో టీ రంగు. గొట్టానికి పైన బతికిన నీళ్లు, కింద చచ్చిన నీళ్లు. మధ్యలో ఉన్నది ఆ గోడ ఒక్కటే, దాన్ని చూడనట్టు నటించడం ఇక జయచంద్రకు కూడా కుదరలేదు.

పూలమ్మ ఆ నాలుగు సీసాలనూ ఫ్యాక్టరీ గేటు ముందు దిమ్మె మీద వరసగా పెట్టింది. లోపలికి పోబోయే మామిడికాయల లారీ హారన్ కొట్టింది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

"ఈడ కూసోకూడదమ్మా, లారీలు పోవాల. లెయ్, లెయ్!"

పూలమ్మ గేటుకు అడ్డంగా, దారి మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మునిలక్ష్మి వచ్చి పక్కన కూర్చుంది. ఆ వెనకే ఆరిళ్ల వాళ్లూ కూర్చున్నారు. రుక్మిణమ్మ టీ అంగడిలో నవ్విన వాళ్లలో ఇద్దరు ముగ్గురు కాసేపు నిలబడి చూసి, వాళ్లూ కూర్చున్నారు.

"మీ ఓనరును రమ్మను. ఈ సీసాలు సూసి పొమ్మను. ఆ గొట్టం మూసేదాకా నేను లెయ్యను" అన్నది పూలమ్మ.

తహసీల్దారు ఫోను తీసి ఎవరికో గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది. సిద్ధార్థ బండి మీదినుంచి రిజిస్టరు తెచ్చి, దిమ్మె దగ్గర నిలబడి రాసుకుంటున్నాడు. తేదీ రాశాడు. ఐదూ యాభై నుంచి ఏడూ పది దాకా వేళలు రాశాడు. నాలుగు చోట్ల పేర్లు రాశాడు. ఒక గడి దగ్గర కలం ఆగింది.

"పూలమ్మా, ఇక్కడ శాంపిలు ఈ రోజే ఎందుకు తీశామో రాయాలి. ఏం రాయమంటావు?"

"యాల తీసినామా?" పూలమ్మ అతని ముఖంలోకి చూసింది. "నత్తలు జమ్మెక్కినాయని రాయి."

అతను ఆమెను ఒకసారి చూసి, ఆ గడిలో అట్లాగే రాశాడు.